రాతి తొట్టిలో మూడు గడ్డలు

ఆ చలికాలం నేను మా మామకు రోజుకు ఒకటి చొప్పున నలభై అబద్ధాలు చెప్పాను. మాటైనా మార్చలేదు. చెప్పినందుకు ఏడ్చానని చివర్లో ఎక్కడైనా రాస్తానేమోనని ఎదురుచూడకండి. పోయిన చలికాలం సంగతి ఇది, ఇంకా పచ్చి ఆరలేదు.

మా ఇల్లు బళ్లారి కౌల్ బజార్‌లో. ముందు వైపు ఆటోలు, బైకులు, జీన్స్ ప్యాంట్ల మూటలు మోసే టెంపోలు. నేను ఆ ప్యాంట్లకే ఇంట్లో కూర్చుని బొత్తాలు కుడతాను, నా వేళ్ల కొసలు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. ఇంటి వెనక, మా గోడకూ పాత పత్తి గోదాము గోడకూ మధ్య, ఆరడుగుల సందు ఉంది. గోదాము గోడ ఎంత ఎత్తంటే, ఎండాకాలంలో కూడా ఆ సందులోకి ఎండ ఇట్లా తొంగిచూసి అట్లా పోతుంది. బళ్లారిలో అంత నీడ ఉన్న ఇల్లు దొరకడం మాటలు కాదు. మా మామ ఆశీర్వాదం ఆ సందును తోట చేసుకున్నాడు. ఊళ్లో బంగళాల్లోనూ, చివరికి కుడతిని థర్మల్ కాలనీలోనూ బతుకంతా మాలిగా చేసిన మనిషి. ఎండలో ఎవరైనా పెంచుతారు, నీడలో పెంచితేనే మాలి అనేవాడు.

సెప్టెంబరు చివర్లో నా భర్త కెన్నెత్ చర్చి సంఘం వాళ్లతో కొడైకానల్ పోయి వస్తూ అక్కడి నర్సరీ నుంచి మూడు గడ్డలు తెచ్చాడు. చపటగా, నల్లగా, ఎవరో కాలితో తొక్కిన బంగాళాదుంపల్లా ఉన్నాయి.

"సైక్లమెన్ అంట నాయనా. చలికాలంలోనే పూసే రకం. మంచు పడినా చావదంట," అన్నాడు కెన్నెత్.

"మంచుకు చావదు సరే. బళ్లారికి చావకుండా ఉండాల గదా," అన్నాను నేను.

మామ నవ్వలేదు. గడ్డను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మెల్లగా తడిమి, తల ఏ వైపో కాలు ఏ వైపో తెలుసుకున్నాడు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మిషన్ బంగళాలో దొరసానమ్మ వేసింది ఇదేమా లోయిసూ," అన్నాడు. "నాకు పెండ్లి కాక ముందు మాట. ఏడేండ్లు అగచాట్లు పడింది. ఆకు వస్తాండె. పువ్వు రాకపాయె. సముద్రం దాటి పోయే దినం నా చెయ్యి పట్టుకొని, ఆశీర్వాదం, ఈ ఊరు దీన్ని పూయనీదు అనింది. నేను పూయిస్తానమ్మా అంటి. అనినోణ్ణి యాభై ఏండ్లు గమ్ముగుంటి."

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు మిగిలింది ఒక్క చలికాలమే. కుడికన్ను రెండేళ్ల కిందటే పోయింది. ఎడమ కంట్లో నరాలు చిట్లి నెత్తురు చేరుతోందని, తల కిందికి వంచకూడదని, జనవరి దాటాక చూపు ఉంటుందని తాను మాట ఇవ్వలేనని కంటి డాక్టరు చెప్పేశాడు. ఏదైనా సరే ఎత్తి జానెడు దూరంలో కంటి ముందు పెడితే ఇంకా కనబడేది. బైబిలు అట్లాగే, ఒక్కొక్క అక్షరం ముఖానికి ఆనించుకుని చదివేవాడు. అంతకు మించి దూరమైతే అంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంటుందనేవాడు.

మరుసటి రోజే పని మొదలైంది. సందులో పశువులు నీళ్లు తాగే పాత రాతి తొట్టి ఒకటి ఉంది. అందులో ఇసుక నింపాడు. మూడు మట్టికుండీల్లో కుళ్లిన వేపాకు, ఇటుక పొడి, కూలిన మిషన్ గోడ నుంచి తెచ్చిన సున్నపు గార ముక్కలు కలిపి, గడ్డలు పెట్టి, కుండీలను ఆ ఇసుకలో అంచుల దాకా దించాడు. కుండీలో నీళ్లు పోయకూడదు, చుట్టూ ఇసుక మాత్రమే తడిగా, చల్లగా ఉండాలి. సాయంత్రాలు సోడా అంగడి నుంచి ఐసు ముక్కలు తెచ్చి ఇసుకలో పూడ్చేది నేను. అప్పుడు నాకు ఏడో నెల.

"నువ్వు మోస్తాండావు, నేను నాటినా," అనేవాడు నా కడుపు వైపు చూసి, కనబడీ కనబడక. "ఎవురిది ముందు బయటికొస్తాదో చూద్దాం."

"పందెమా మామా?"

"పందెమే. నువ్వు గెలిస్తే పేరు నువ్వే పెట్టుకో, నేను అడ్డం రాను."

నాకు తండ్రి లేడు. ఆ నెలన్నరా ఆయన పక్కన ఇసుక తడుపుతూ కూర్చుంటే తండ్రి ఉన్నట్టే ఉండేది. ఈ మాట దాచకుండా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

పని చేస్తూ దొరసానమ్మ చెప్పిన సంగతులన్నీ నాకు చెప్పేవాడు. మూడు రంగుల్లో ఏదైనా పూయవచ్చట, గడ్డను చూసి చెప్పలేమట. పువ్వు రాలిన తర్వాత దాని కాడ చుట్టలు చుట్టుకుని, గింజల కాయను మట్టి దాకా దించుకుంటుందట. పూయని మొక్కకు చుట్ట ఉండదట. అన్నిటికంటే ముఖ్యం, మొగ్గల కాలంలో ఆకుల్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

"చెయ్యి తగిలితే మొగ్గ కుళ్లిపోతాది. నువ్వే కాదు, నేనూ ముట్టను. రూలు రూలే," అన్నాడు. "నువ్వు దినామూ వంగి చూసి చెప్పు. విచ్చిన పొద్దు కుండీ ఎత్తి నా కంటి కాడ పెట్టు. ఒక్కసారి చూస్తే చాలు. ఆ పైన ఈ కన్ను ఉంటే ఏంది, పోతే ఏంది."

రూలు రూలే అన్నది ఆయన నోట్లో ఊతపదం. నాకు అప్పుడు ముద్దుగా ఉండేది.

నవంబరు రెండో వారంలో నా కడుపులో కదలిక ఆగిపోయింది. ఆసుపత్రిలో కాన్పు చేశారు. బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది. వాళ్లు తెల్లటి తువ్వాలులో చుట్టి ఇచ్చారు. ఇంటికి పోయి పడుకోమని అందరూ అన్నారు. నేను వినలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి నేరుగా ఆటోలో సమాధుల తోటకు పోయాం. బిడ్డ నా ఒళ్లోనే ఉంది.

మామ అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తోట తాళంచెవి ముప్పై ఏళ్లుగా ఆయన మొలతాడుకే ఉంటుంది, సంఘ పెద్ద కాబట్టి. గేటు తీయలేదు. పక్కన పాస్టరు మోజెస్ అయ్యగారు బైబిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుంతలు తవ్వే హంపయ్య గడ్డపార భుజాన పెట్టుకుని, లోపలా బయటా అన్నట్టు ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు.

"ఏమాయె? తీయండి," అన్నాను ఆటోలో నుంచే.

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "జాగా ఆశీర్వాదం అయ్య వాళ్ల ఇంటిదిమా. ఆయన ఊ అంటే నాకేం అడ్డం లేదు, ప్రార్థన చేస్తా."

"బాప్తిస్మం లేని బిడ్డ గదయ్యగారూ," అన్నాడు మామ. గొంతు మెత్తగానే ఉంది. "మా నాయన కాలం నుంచి బాప్తిస్మం లేనోళ్లు ఈ గోడ లోపల పండుకోలేదు. నా తమ్ముడు పుట్టిన మూడో దినం పోతే వాణ్ణీ బయటే పెట్నాడు. మా అమ్మ గేటు పట్టుకొని ఏడ్చినా తీయలే. ఈ పొద్దు నా ఇంటిదని నేను తీస్తే, రేపు ఊరోళ్లకు ఏం చెప్పేది?"

బిడ్డను ఒక చేత్తో హత్తుకున్నాను. ఆటో కడ్డీ పట్టుకుని దిగాను. లోపల మా అత్త సమాధి గేటులో నుంచే కనబడుతోంది. పక్కన మామ తన కోసం ఉంచుకున్న జాగా ఖాళీగా ఉంది, గడ్డి కూడా పీకించి పెట్టుకున్నాడు.

"మామా, మీ జాగా అడగడం లేదు. అత్తమ్మ కాళ్ల కాడ మూరెడు ఇయ్యండి. మూరెడు చాలు, కొలిచి చూసుకోండి."

ఆయన నా వైపు చూడలేదు. నా చేతుల్లో ఉన్నదాని వైపు కూడా చూడలేదు.

"రూలు రూలేమా," అన్నాడు.

నేను కెన్నెత్ ముఖం చూశాను. అతను తన చెప్పులు చూసుకుంటున్నాడు. అప్పుడు అతను ఒక్క మాట అని ఉంటే, ఆ మాట వల్ల గేటు తెరుచుకోకపోయినా సరే, ఈ కథ వేరేగా ఉండేది.

హంపయ్య గోడ బయట తవ్వాడు. అక్కడ అంతా బళ్లారి జాలి, మా ఊరి పేరే పెట్టుకున్న ముళ్ల చెట్టు. గడ్డపార వేసిన చోటల్లా వేరు తగిలింది. "నీ చేత్తోనే పిడికెడు మట్టి వెయ్యిమా, నేను కండ్లు మూసుకుంటా," అన్నాడు హంపయ్య, ఏం చెప్పాలో తెలియక. పని అయ్యాక చెయ్యి దులుపుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు. "గుర్తు పెట్టుకోవాలంటే రాయి పెట్టుకోండి. ఒక వాన పడితే జాలి వేర్లు కమ్ముకుంటాయి. మళ్లా తీయాలన్నా రాదు."

ఇంటికి వచ్చాక నన్ను గోడవైపు తిప్పి పడుకోబెట్టారు. రెండో రోజుకు పాలు వచ్చాయి. రవిక తడిసిపోతుంటే పక్కింటి సిద్ధమ్మ, కాలం కాని కాలంలో ఎక్కడ దొరికించుకుందో, హడగలి మల్లెలు ఒక పొట్లం తెచ్చింది. పాలు ఎండిపోవాలంటే మల్లెపూలు రొమ్ముకు కట్టాలి, మా వైపు అందరికీ తెలిసిందే. ఆమె నాకు ఆ పూలు గుడ్డలో పెట్టి కడుతుండగా, వెనక సందులో నుంచి మామ కర్ర చప్పుడు వినబడింది. గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"లోయిసూ, పక్కింటి పిల్లోణ్ణి పిలిచి చూపించినా. నడిమి కుండీలో ఆకు లేసిందంటమా. రూపాయి బిళ్లంత ఉండాదంట."

ఆయన గొంతులో సంతోషం ఉంది. నిజమైన సంతోషం. నన్ను బాధపెట్టాలని కాదు, అది నాకు తెలుసు. నాతో కలిసి ఐసు పూడ్చిన మొక్క కాబట్టి ముందుగా నాకే చెప్పాలని వచ్చాడు. పందెం సంగతి కూడా ఆయనకు గుర్తుండి ఉంటుంది. సిద్ధమ్మ ముడి గట్టిగా బిగించింది.

"ఈ ముసలాయనకు బుద్ధి ఉండాదా," అంది నా చెవిలో.

"ఉంది. దానికి రూలు ఉంది," అన్నాను. ఆ గుమ్మం వైపు చూస్తూ ఉంటే నాలో ఏదో చల్లబడింది. కోపం అయితే ఎప్పటికో తగ్గేది. ఇది కోపం కాదు, ఇది తగ్గలేదు.

డిసెంబరు మొదటి వారంలో నేను లేచి తిరిగాను. మళ్లీ బొత్తాలు కుట్టాను, మళ్లీ ఐసు తెచ్చాను. నేను లేచాక ఆయన పక్కింటి పిల్లోణ్ణి పిలవడం మానేశాడు. నాకు ఆయన మీద ద్వేషం ఉందని ఎవరూ అనుకోలేదు. తెల్లవారి కాఫీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని తొట్టి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేదాన్ని. ఆయన తల నిటారుగా పెట్టుకుని, డాక్టరు చెప్పినట్టు ఒక్క వేలెడు కూడా వంచకుండా, గోదాము గోడ వైపు చూస్తూ అడిగేవాడు.

"మొగ్గ ఏమన్నా లేసిందా?"

"లేదు మామా."

అప్పటికి అది నిజమే. మూడు కుండీల్లో ఒకటి కుళ్లిపోయింది. ఒకదానికి రెండే ఆకులు. నడిమి కుండీ మాత్రం గుండ్రటి ఆకులతో నిండిపోయింది, ఆకు మీద సున్నం చిలకరించినట్టు మచ్చలు.

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, వంగి చూస్తే, ఆకుల కింద కొక్కెం మాదిరి వంగిన సన్నటి కాడ ఒకటి కనబడింది. దాని కొసన మొగ్గ. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది.

యాభై ఏళ్లు. దొరసాని ఏడేళ్లు. ఐసు, వేపాకు, సున్నపు గార. నా నోటి దాకా వచ్చింది. నిజంగానే చెప్పబోయాను, పెదవులు కూడా విప్పాను.

"లేసిందా మా?"

"లేదు మామా."

అంతే. ఎంత సులభమో నాకే ఆశ్చర్యం వేసింది. పైన ఆకాశం పడిపోలేదు. గోదాము గోడ మీద కాకి కూడా కదలలేదు. ఆయన "ఆయ్తు, సరే, రేపు చూద్దాంలే" అని కాఫీ తాగాడు.

క్రిస్మస్ పొద్దున పువ్వు విచ్చింది. చిటికెన వేలి గోరంత పువ్వు. ముఖం నేల వైపు వంచుకుని, రెక్కలు మాత్రం వెనక్కి ఎగరేసుకుని నిలబడింది. వాసన లేదు. వాసన ఉండి ఉంటే ఆ రోజే దొరికిపోయేదాన్ని. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడికి పోయే ముందు, స్టూలు మీద కూర్చుని అడిగాడు. ఆయన మోకాలికీ ఆ పువ్వుకూ మధ్య రెండు జానల దూరం లేదు.

"లేదు మామా," అన్నాను.

ఆ తర్వాత వరసగా విచ్చాయి. కొత్త సంవత్సరానికి నాలుగు, జనవరి నడిమికి ఆరు. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక తేనెటీగ రోజూ వచ్చేది. తేనెటీగకు తెలిసింది, ఆయనకు తెలియలేదు. దాని రొద వింటూ ఆయన, "మునగ పూసినట్టుంది పక్కింట్లో," అనేవాడు. "పూసింది," అనేదాన్ని. అది నిజమే. కుండీ ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నా చేతిలో ఉందని నాకు రోజంతా గుర్తుండేది. బొత్తాలు కుడుతున్నా గుర్తుండేది. ఆయన అన్నం ముద్ద మీసానికి తగిలితే తుడుస్తున్నప్పుడు కూడా గుర్తుండేది.

ఆయనకు అనుమానం వచ్చి ఉంటే ఒక్కసారి చెయ్యి చాపితే సరిపోయేది. చాపలేదు. ముట్టకూడదని రూలు పెట్టింది ఆయనే. ఒక రోజు వేళ్లు తొట్టి అంచు దాకా వచ్చాయి, అక్కడే ఆగిపోయాయి. నేను చూస్తూ కూర్చున్నాను. ఆ వేళ్లు మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయాయి.

కెన్నెత్‌కు ఆ నెల తెల్లవారి షిఫ్టు. ఒక ఆదివారం ఇంట్లో ఉండి, పళ్లు తోముకుంటూ సందులోకి వచ్చాడు. అప్పుడే మామ అడిగాడు, అప్పుడే నేను లేదన్నాను. కెన్నెత్ పూలను చూశాడు. తండ్రిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు, చాలాసేపు. నోట్లో బ్రష్షు అట్లాగే ఉంది. చెప్తాడేమో అనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నానేమో కూడా. అతను ఊసి, నోరు కడుక్కుని, లోపలికి పోయాడు. గేటు దగ్గర తెరవని నోరు ఇక్కడ మాత్రం ఎందుకు తెరుస్తాడు? తను ఎవరికీ అన్యాయం చేసినట్టు ఉండకూడదు, ఎవరికీ న్యాయం చేయాల్సిన పనీ పడకూడదు.

జనవరి రెండో వారంలో మోజెస్ అయ్యగారు ఇంటి ప్రార్థనకు వచ్చాడు. ముందు గదిలో కుర్చీలు వేశాను. మామ మొహమాటపడుతూ అడిగాడు.

"నాదొక చిన్న మనవి అయ్యగారూ. నవ్వొద్దు. వెనక ఒక మొక్క ఉండాది. నా చూపు ఉండంగానే అది పూయాలని ప్రార్థన చెయ్యండి."

"అంతే కదా అయ్యా, దేవునికి అసాధ్యం ఏముంది. చూపించండి, దాని కాడే చేద్దాం," అని అయ్యగారు లేవబోయాడు.

"సందులో నీళ్లు పోసినా అయ్యగారూ, జారతాది. ఈడే చెయ్యండి," అన్నాను నేను.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. మంచి ప్రార్థన చేశాడు. ఎండిన కర్ర చిగురించిన సంగతి కూడా కలిపాడు. మామ గుడ్డికన్ను, మంచికన్ను రెండూ మూసుకుని, రెండు చేతులూ కట్టుకుని, పెదవులు కదిలించాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేను. మామ నా వైపు తిరిగి, "నీ ఋణం తీర్చుకోలేనుమా," అన్నాడు. నేను అయ్యగారికి టీ పోశాను.

జనవరి చివర్లో ఒక పొద్దున నేను కాఫీ తెచ్చేసరికి ఆయన మంచం అంచున కూర్చుని, చేతిని కంటి ముందు ఆడించుకుంటున్నాడు.

"లోయిసూ, ఇంకా తెల్లారలేదా?"

బయట ఎనిమిదైంది. పక్కింట్లో సిద్ధమ్మ పూజ కూడా అయిపోయింది.

"తెల్లారింది మామా."

ఆయన చెయ్యి ఆగింది. కొంచెంసేపు దాన్ని అట్లాగే గాలిలో పట్టుకుని, తర్వాత మెల్లగా మోకాలి మీద పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని, తొట్టి దగ్గరకు తీసుకుపొమ్మన్నాడు. కూర్చున్నాక, ఎప్పటిలాగే, గోడ వైపు ముఖం పెట్టి అడిగాడు.

"మొగ్గ ఏమన్నా లేసిందా?"

కుండీలో ఇంకా రెండు పూలు నిలబడి ఉన్నాయి.

"లేదు మామా," అన్నాను. అది నలభయ్యోది. ఆ తర్వాత ఆయన అడగలేదు.

ఫిబ్రవరి ఆఖరుకు ఎండ ముదిరింది. ఆకులు పసుపు తిరుగుతున్నాయని ఒక సాయంత్రం చెప్పాను. కెన్నెత్ కూడా ఇంట్లోనే ఉన్నాడు, గుమ్మంలో కూర్చుని షూ తుడుచుకుంటున్నాడు.

"అయితే కాలం అయిపాయె," అన్నాడు మామ. "ఇంక ముట్టొచ్చు. కుండీ నా ఒళ్లో పెట్టుమా. ఎండిన ఆకు తీసి, గడ్డను వేసవికి పండబెట్టాల."

పూలు రాలిన కాడలు అప్పటికే చుట్టలు చుట్టుకుని మట్టి మీద పడుకుని ఉన్నాయి, పెన్నులో స్ప్రింగు మాదిరి, ఒక్కోదాని నడిమిన మిరియమంత కాయ. వాటిని గిల్లేయాలని నాకు తోచలేదా అంటే, తోచింది. గిల్లలేదు. కుండీ ఎత్తి ఆయన ఒళ్లో పెట్టాను.

ఆయన వేళ్లు ఆకుల మీద తిరిగాయి. ఎండినదాన్ని ఎండినట్టుగా, పచ్చిదాన్ని పచ్చిగా, చూపు ఉన్నవాళ్లకంటే శుభ్రంగా వేరు చేశాయి. తర్వాత మట్టి మీదికి దిగాయి. ఒక చుట్ట తగిలింది. ఆగాయి. బొటనవేలు దాన్ని చుట్టు చుట్టూ తడిమి, నడిమిన కాయ దగ్గర నిలిచింది. పక్కనే ఇంకోటి. ఇంకోటి. ఆరు చోట్ల ఆగాయి ఆ వేళ్లు.

కెన్నెత్ షూ తుడవడం ఆపేశాడు.

"పూసింది," అన్నాడు మామ.

వేలు ఆరో చుట్ట మీదే ఉంది.

"ఎప్పుడు?"

"క్రిస్మస్ పొద్దున ఒకటి. తర్వాత అయిదు."

"నాకు చూపు ఉన్నింది అప్పుడు."

"ఉన్నింది మామా."

ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. నాకు కోపం కావాలి. తిడితే బాగుండు, కర్రతో కొట్టినా బాగుండు, నేను చెప్పాల్సింది సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. ఆ కుండీని పొట్టకు ఆనించుకుని, చాలా చిన్న గొంతుతో, అడుక్కునేవాళ్లలా అడిగాడు.

"ఏ రంగుమా?"

నేను ఆయన ముందు గొంతుకూర్చున్నాను. ముఖం ముఖానికి ఎదురుగా పెట్టాను, కనబడదని తెలిసినా.

"మామా, నాకు పుట్టింది ఆడబిడ్డా మగబిడ్డా అని మీరు ఒక్క దినమన్నా అడిగినారా?"

ఆయన నోరు తెరిచాడు. వెతుక్కున్నాడు, నాకు కనబడుతూనే ఉంది. గేటు దగ్గర అడిగానేమో, ఇంటికి వచ్చాక అడిగానేమో, ఎవరైనా చెప్పారేమో అని ఆ మూడు నెలలూ వెనక్కి పోయి వెతుక్కున్నాడు. దొరకలేదు. గడ్డకు ఎన్ని ఆకులు వచ్చాయో రోజువారీ చెప్పగలిగిన మనిషి.

చీకట్లోనే చేతులతో కుండీలో మట్టి సర్దాడు. చుట్టలను ఒక్కదాన్ని కూడా తెంపకుండా, కాయలు మట్టికి ఆనేటట్టు వాటి చోట వాటిని పడుకోబెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మొలతాడు నుంచి సమాధుల తోట తాళంచెవి విప్పి తొట్టి అంచు మీద పెట్టాడు.

"ఏం బిడ్డమా?" అన్నాడు.

నేను లేచాను. కుండీ ఆయన ఒళ్లో నుంచి తీసుకున్నాను.

"దీన్ని యాడ పెట్టాల మామా?"

ఆయన కొంచెంసేపు ఎదురుచూశాడు. తర్వాత, "నీడలో," అన్నాడు. నీడలో పెట్టాను.

తాళంచెవి వంటింట్లో మేకుకు వేలాడుతోంది. జూన్‌లో వానలు పడ్డాక ఒకసారి తీసుకుని పోయాను. గోడ బయట జాలి గుబురుగా కమ్మేసింది, నేను పెట్టిన రాయి దొరకలేదు. గేటు తెరిచి లోపలికి పోవాల్సిన పని నాకు లేదు కాబట్టి తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు మళ్లీ అక్టోబరు. నడిమి కుండీలో ఆకు లేసింది, ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. రోజూ తెల్లవారి కాఫీ వేళ ఆయన రెండు ప్రశ్నలు అడుగుతాడు. మొదట్లో రంగు ముందు అడిగేవాడు, బిడ్డ తర్వాత. ఈ మధ్య బిడ్డ ముందు వస్తోంది. కెన్నెత్‌ను అడిగితే రెండూ ఒక్క నిమిషంలో తెలుస్తాయి, పక్కనే కూర్చుని టిఫిన్ తింటుంటాడు. అతన్ని ఆయన అడగడు, అతను చెప్పడు. నేను గ్లాసు ఆయన చేతికి అందించి, వేళ్లు గట్టిగా పట్టుకున్నాయా లేదా చూసుకుని, బొత్తాలు కుట్టుకోవడానికి పోతాను.